గన్నవరం టు గూడెం... వయా కొల్లేరు

ఆదివారం సాయంత్రం. ఎండ కాస్త తగ్గుముఖం పట్టగానే తాడేపల్లిగూడెంలో కొందరు విమానాశ్రయానికి బయల్దేరతారు. చేతిలో సూట్‌కేసు ఉండదు, జేబులో టికెట్టూ ఉండదు. కాళ్లకు కాన్వాసు బూట్లు మాత్రం ఉంటాయి. వాళ్లు వెళ్లేది వాకింగ్‌కి!

అక్కడ టెర్మినల్ లేదు, టవర్ లేదు. ఉన్నదల్లా రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటిష్‌వాళ్లు వేసిపోయిన రన్‌వే. చూపు ఆనినంత దూరం నిటారుగా సాగిపోయే సిమెంటు బాట. దాని పగుళ్లలో గడ్డి. పక్కనే కడకట్లలో 2015లో మొదలైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, అదే నిట్. ఇక్కడ సైకిల్ తొక్కడం నేర్చుకున్నవాళ్లు గూడెంలో వీధికి పదిమంది ఉంటారు. విమానం దిగుతుంటే చూశామనే వాళ్లు మాత్రం వెతికితేగానీ దొరకరు.

మరి ఇంత పెద్ద రన్‌వే ఈ ఉల్లిపాయల మార్కెట్ ఊళ్లో ఎందుకు వేశారంటే... 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. బర్మా అప్పటికే చేజారిపోతోంది. శత్రువు సముద్రం మీంచి వస్తాడన్న భయం తూర్పు తీరమంతా పాకింది. ఆ యుద్ధకాలంలోనే గోదావరి జిల్లాలో గూడెం, కృష్ణా జిల్లాలో గన్నవరం విమానాలకు స్థావరాలయ్యాయి. యుద్ధం అయిపోయింది. గన్నవరానికి అదృష్టం కలిసొచ్చింది. 1980లలో వాయుదూత్ వాళ్ల బుల్లి విమానాలు వచ్చాయి, 2003లో ఎయిర్ దక్కన్ వచ్చింది, ఆనక పెద్ద విమానాలూ దిగాయి. గూడేనికి మాత్రం వాకర్లే మిగిలారు.

ఈ రెండు రన్‌వేల మధ్య నేల మీద చూస్తే బోలెడు ఊళ్లు, కాలవలు, రైలుగేట్లు. ఆకాశంలో చూస్తే ఒక్కటే... కొల్లేరు.

వంద డాలర్ల బర్గర్

అమెరికాలో కొడుకో అల్లుడో ఉన్న ఇళ్లలో ఈ ముచ్చట వినే ఉంటారు. అక్కడ చిన్న ఊళ్లకు కూడా చిన్న విమానాశ్రయాలుంటాయి. జనం వాడుకునేందుకు వీలున్నవే దాదాపు అయిదు వేలు. పైలట్ లైసెన్సున్న మనిషి ఆదివారం మధ్యాహ్నం నాలుగు సీట్ల సెస్నా తీసుకుని, పెళ్లాన్నో స్నేహితుణ్నో ఎక్కించుకుని, పక్క ఊరి రన్‌వే మీద దిగుతాడు. అక్కడ హోటల్లో ఓ బర్గర్ తిని, మళ్లీ ఎగిరి ఇంటికొచ్చేస్తాడు. బర్గర్ ఖరీదు కొంచెమే. పెట్రోలు, విమానం అద్దె కలిపితే వంద డాలర్లు దాటుతుంది. అందుకే దానికి వాళ్లు ముద్దుగా ‘వంద డాలర్ల బర్గర్’ అని పేరు పెట్టుకున్నారు. మనవాళ్లు పుల్లట్టు కోసం బండేసుకుని పక్క ఊరు వెళ్లడం లేదూ, అలాంటిదే!

మన దేశంలోనూ సరదాకి విమానం నడపొచ్చు. పదిహేడేళ్లు నిండాలి, కనీసం నలభై గంటలు ఎగిరి ఉండాలి, పరీక్షలు పాసవ్వాలి. ప్రైవేట్ పైలట్ లైసెన్సు చేతికొస్తుంది. అసలు తంతు ఆ తర్వాతే. ఎప్పుడు, ఎక్కణ్నుంచి, ఏ దారిన, ఎంత ఎత్తులో... అన్నీ ముందే కాగితం మీద పెట్టాలి. రక్షణ శాఖ నుంచి అనుమతి నంబరు రావాలి. ఇంజిన్లో పోసేది ఏవ్‌గ్యాస్ అని వేరే రకం పెట్రోలు, అది ఎక్కడపడితే అక్కడ దొరకదు. ఇంతా చేసి ఎగిరాక దిగడానికి పక్క ఊళ్లో రన్‌వే ఉండాలిగా! అందుకే మన దగ్గర చిన్న విమానం అంటే ఉద్యోగానికి శిక్షణే తప్ప షికారు కాదు.

సరే, మనకు అనుమతులన్నీ వచ్చేశాయనుకుందాం. నలభై నిమిషాలు ఊహలోనే ఎగిరొద్దాం. ఊహే అయినా కిందున్న నేల నిజమే.

గళ్ల లుంగీ ఆరేసినట్టు...

గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగం. చిన్న సెస్నాకు అదే హాయైన నడక. గన్నవరంలో లేచి ఆగ్నేయంగా తిరిగితే ఏడు నిమిషాల్లో గుడివాడ. అక్కణ్నుంచి దిక్సూచి చూసుకోనక్కర్లేదు. కింద రైలుపట్టాలు పట్టుకుని వెళ్లిపోవడమే! చిన్న విమానాల పైలట్లు లోకమంతటా చేసే పని ఇది. గుడివాడ నుంచి భీమవరం వెళ్లే ఆ పట్టాల మీదే మండవల్లి, ఆ తర్వాత కైకలూరు.

రైల్లో ఈ దారిన వెళ్లేవాళ్లకు మండవల్లి ఒక చిన్న స్టేషను. ప్యాసింజరు ఆగుతుంది, గంపలతో నలుగురు ఎక్కుతారు, కదులుతుంది. కిటికీలోంచి చెరువు గట్టు, గట్టు మీద కొబ్బరిచెట్లు కనపడతాయి. గట్టు వెనక ఏముందో తెలియదు. రెండు వేల అడుగుల ఎత్తు నుంచి చూస్తే అదంతా ఒక్కసారి విప్పుకుంటుంది. ఆ చివర నుంచి ఈ చివరకు చదరాలు చదరాలుగా నీళ్లు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి బూడిదరంగు, ఒకటి మట్టిరంగు. ఎవరో పెద్ద గళ్ల లుంగీని నేల మీద ఆరేసినట్టు ఉంటుంది. బొచ్చె, శీలావతి పెరిగే చేపల చెరువులవి. ఐసు పెట్టెల్లో సర్దుకుని లారీలెక్కి కోల్‌కతా దాకా పోయే చేపల పుట్టిల్లు.

మరి కొల్లేరు ఏదీ? ఈ ప్రశ్న విమానంలో వచ్చేవాళ్లకు కొత్త కావచ్చు గానీ ఉపగ్రహాలకు పాతదే. 2001 ఫిబ్రవరి 9న మన ఐఆర్ఎస్ ఉపగ్రహం తీసిన చిత్రాలను శాస్త్రవేత్తలు పరిశీలించారు. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో దాదాపు 42 శాతం చేపల చెరువులే. లెక్కపెడితే 1,050 చెరువులు, ఎండిపోయినవి మరో 38. అన్నీ కలిపి 103 చదరపు కిలోమీటర్లు. మరో ఎనిమిదిన్నర శాతం వరిచేలు. మిగిలినదాంట్లో కిక్కిస, గుర్రపు డెక్క. తేటనీరు అన్నది ఆ చిత్రంలో ఎక్కడా కనిపించలేదట! దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటని పాఠాల్లో చదువుకున్న కొల్లేరు పై నుంచి చూస్తే అలా ఉంది.

ఆ ఫొటో దిగేనాటికి కొల్లేరు అభయారణ్యమై ఏడాదికి పైనే అయింది. 1999లో సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. అదే అందరి నోళ్లలో నానే ‘ఐదో కాంటూరు’. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ వచ్చింది. పొక్లెయినర్లు దిగాయి, కొన్నిచోట్ల పేలుడు మందు పెట్టి మరీ గట్లు తెంచారు. ఆ గట్లలో పెద్ద రైతులవీ ఉన్నాయి, లంకల్లో మత్స్యకారుల సొసైటీలవీ ఉన్నాయి. సరస్సు ఊపిరి పీల్చుకుందని కొందరు సంబరపడ్డారు, తమ పొయ్యి ఆరిపోయిందని కొందరు ఏడ్చారు. రెండూ నిజమే. ఆకాశం నుంచి చూసినవాడికి మొదటిదే కనిపిస్తుంది. రెండోది కనిపించాలంటే కిందికి దిగాలి.

లంకల్లోకి...

విమానాన్ని కాసేపు పైనే తిరగనిద్దాం. మండవల్లి నుంచి ఉత్తరంగా సరస్సులోకి వెళ్తే పెనుమాకలంక, నందిగామలంక, ఇంగిలిపాకలంక... పేర్లలోనే నీళ్లున్నాయి. పై నుంచి ఒక్కో లంకా నీళ్లలో వేసిన తాంబాళంలా ఉంటుంది. నడుమ గుడి, నీళ్లట్యాంకు, బడి, వాటిని చుట్టుకుని ఇళ్లు. చివరి ఇంటి వెనక మెట్టు దిగితే సరస్సే.

తాటిచెట్టు మానును తొలిచి చేసిన దోనెలు ఇక్కడి పాత వాహనాలు. కర్ర పోటేసుకుంటూ, కిక్కిస దుబ్బుల్లోంచి దారి చేసుకుంటూ, వెదురు మావులు నీళ్లలో పెట్టి చేపలు పట్టిన తరం ఇంకా అరుగుల మీద కూర్చునే ఉంది. సరస్సు లోతు మహా అయితే రెండు మూడు మీటర్లు. ఎక్కువచోట్ల అంత కూడా ఉండదు. వాళ్లకు దారి చూపింది దిక్సూచి కాదు, గడ్డి వాలు, పిట్టల కేక.

కొల్లేటికి నీళ్లు తెచ్చేవి బుడమేరు, తమ్మిలేరు. వాటికితోడు చిన్నా పెద్దా కాలవలు, డ్రెయిన్లు కలిపి అరవై ఎనిమిదికి పైనే. తీసుకెళ్లేది మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అరవై కిలోమీటర్లు వంకర్లు తిరుగుతూ సముద్రంలో కలుస్తుంది. ఇన్ని నోళ్లతో తాగి ఒక్క నోటితో వదిలే చెరువు ఇది. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో తెలిసింది. ఆ నెల మొదట్లో బుడమేరు బెజవాడను ముంచింది. నగరం మీద హెలికాప్టర్లు తిరిగాయి, డ్రోన్లు అన్నం పొట్లాలు మోశాయి, టీవీలన్నీ అక్కడే ఉన్నాయి. ఆ నీళ్లు నడిచి నడిచి కొన్నాళ్లకు చేరింది కొల్లేటికే. పెదయడ్లగాడి దగ్గర నీటిమట్టం పెరిగింది, ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి వరదొచ్చింది, మండవల్లి లంకలకు దారి తెగింది. బెజవాడలో నీళ్లు తీసేశాక కెమెరాలు వెళ్లిపోయాయి. లంకల వాళ్లు పడవల మీద రేషను తెచ్చుకుంటూ మరికొన్నాళ్లు గడిపారు.

పల్లెల్లో నేటికీ హెలికాప్టర్ చప్పుడైతే పిల్లలు ఇళ్లలోంచి బయటికి పరుగెత్తుతారు. పెద్దవాళ్లు తలెత్తి చూసి ఎన్నికలా, వరదలా అని అడుగుతారు. ఆకాశం నుంచి ఎవరైనా తమను చూడ్డానికి వచ్చేది ఆ రెండు కాలాల్లోనే అని వాళ్లకు తెలుసు!

అసలు పైలట్లు వీళ్లే

మళ్లీ పైకి వెళ్దాం. ఈసారి జాగ్రత్తగా. ఎందుకంటే రెండు వేల అడుగుల్లో మనం ఒంటరిగా లేం.

కైకలూరు పక్కన ఆటపాక మీదికి వచ్చేసరికి తెల్లగా, బూడిదగా పెద్ద పెద్ద రెక్కలు గిరికీలు కొడుతూ కనిపిస్తాయి. గూడబాతులు. ఇంగ్లిషులో పెలికాన్లు. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్ల పైనే ఉంటుంది, బరువు నాలుగైదు కిలోలు. అంత బరువును రెక్కలాడించి పైకెత్తడం కష్టమని అది ఓ ఉపాయం చేస్తుంది. పొద్దున్నే తొందరపడదు. ఎండెక్కి, నేల వేడెక్కి, వెచ్చటి గాలి పైకి లేచేదాకా ఆగుతుంది. ఆ గాలి మీద రెక్కలు చాపి కూర్చుంటుంది. గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ ఒక్క చుక్క పెట్రోలు లేకుండా పైకి వెళ్లిపోతుంది. అక్కణ్నుంచి జారుకుంటూ దూరంగా ఏ చెరువు మీదో దిగుతుంది, చేపలు తిని సాయంత్రానికి మళ్లీ గూటికి. పల్లె రన్‌వేల మధ్య మధ్యాహ్నపు షికారు అంటే ఇదే కదా! అమెరికావాడి బర్గర్‌కు వంద డాలర్లు, దీని చేపకు దమ్మిడీ ఖర్చు లేదు. కాకపోతే చెరువు రైతును అడిగితే ఆ ఖర్చెవరిదో చెబుతాడు.

ఈ పిట్టలకు ఇక్కడ పాత కథ ఉంది. కొల్లేటికి తూర్పున, ఉండి దగ్గర ఆరేడు అనే ఊరు. 1946లో కె.కె.నీలకంఠన్ అనే మలయాళీ ఆ ఊరి చెట్ల మీద గూడబాతుల కాలనీని చూశారు. వృత్తి ఇంగ్లిషు పాఠాలు చెప్పడం, ప్రాణం మాత్రం పిట్టల మీద. తర్వాతి రోజుల్లో ‘ఇందుచూడన్’ పేరుతో కేరళ పక్షుల మీద మలయాళంలో పెద్ద పుస్తకం రాసింది ఆయనే. ఇంచుమించు మూడు వేల గూడబాతులు జనం మధ్యే, ఇళ్ల పక్క చెట్లమీదే గూళ్లు పెట్టుకుని పిల్లల్ని చేస్తున్నాయని ఆయన లోకానికి చెప్పారు. ఊరివాళ్లకు అందులో వింతేం లేదు. 1970ల నడిమికి వచ్చేసరికి ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. అంత పెద్ద సంసారం ఊరు వదిలి వెళ్లిపోయింది.

మళ్లీ కొల్లేటికి గూడబాతులు తిరిగొచ్చినప్పుడు వాటికి కావలసినన్ని చెట్లు లేవు. అటవీశాఖ వాళ్లు ఆటపాక చెరువులో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. కొమ్మల్లా చేతులు చాపిన ఇనుప చెట్లు. పిట్టలు ఒప్పుకుంటాయా అన్న అనుమానం అక్కర్లేకపోయింది. ఇవాళ ఒక్కో స్టాండు మీద అపార్టుమెంటులా పక్కపక్కనే గూళ్లు! చూడముచ్చటగానే ఉంటుంది. కానీ చెట్టు పని ఇనుము చేయాల్సి రావడం అంత మురిసిపోయే సంగతేం కాదు.

గూడెం రన్‌వే మీద దిగుదామా?

కైకలూరు నుంచి ఈశాన్యానికి తిరిగితే పద్నాలుగు నిమిషాల్లో గూడెం. చెరువుల గళ్లు పలచబడతాయి, వరిచేలు వస్తాయి, కాలవలు నీలం దారాల్లా మెరుస్తాయి. ఎడమచేతి వైపు దూరంగా ఏలూరు. ఆ తర్వాత మనకెదురుగా, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి గీత. ఎనభై ఏళ్ల క్రితం పైలట్లకు కనిపించినట్టే ఇప్పుడూ కనిపిస్తుంది. చుట్టూ ఉన్నవే మారాయి.

రన్‌వే అన్నాక ఖాళీ జాగా. ఖాళీ జాగా అన్నాక అందరి కళ్లూ పడతాయి. ఇళ్లకు కావాలని కొందరు, ఫ్యాక్టరీలకు కావాలని కొందరు, అసలు పనికే, అంటే విమానాలకే ఉంచాలని కొందరు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాలకు అనువైనవేమో చూడాలనుకున్న ఊళ్లలో తాడేపల్లిగూడెం కూడా ఉంది. కుప్పం, దగదర్తి, ఒంగోలు, తుని-అన్నవరం, నాగార్జునసాగర్, శ్రీకాకుళం సరసన దాని పేరూ చేరింది. ఆ ఏడాది నవంబరు 9న బెజవాడలో కృష్ణ నీళ్ల మీంచి సీప్లేన్ లేచి శ్రీశైలం వెళ్లింది. నీళ్లున్నచోటల్లా విమానం దించొచ్చన్న ఉత్సాహం కొందరికి అప్పుడే వచ్చింది. కృష్ణమ్మ సంగతి వేరు. కొల్లేటి మీద మాత్రం ఆ ముచ్చట వద్దేవద్దు. ఆ నీళ్ల మీద దిగే హక్కున్నవాళ్లు రెక్కలతోనే పుట్టారు.

గూడెంలో విమానం దిగితే తప్పేముంది? తప్పేం లేదు. ఈశాన్యాన మధురపూడి రన్‌వే గాల్లో పద్నాలుగు నిమిషాలే కదా, ఇంకొకటి ఎందుకు అని లెక్కలేసేవాళ్లున్నారు. రొయ్యలు, చేపలు, పూలు, నిమ్మకాయలు పండించే నేలకు దగ్గర్లో ఓ విమానం ఉంటే మంచిదేగా అనేవాళ్లూ ఉన్నారు. ఏ మాట నెగ్గినా సర్వేకు వచ్చేవాళ్లు ఒక్కసారి ఎండ బాగా ఎక్కిన వేళ ఆటపాక గట్టు మీద నిలబడి తల పైకెత్తి చూడాలి. నాలుగైదు కిలోల పక్షి ప్రొపెల్లర్‌కు తగిలితే ఇద్దరికీ క్షేమం కాదు. గూడబాతుల టైంటేబుల్ కూడా ఫైల్లో పెట్టుకోవాల్సిందే!

మీరు వెళ్లాలంటే...

విమానం అక్కర్లేదు. ఏలూరు, తాడేపల్లిగూడెం రెండూ చెన్నై-హౌరా మెయిన్ లైన్ మీదే ఉన్నాయి. గూడెం నుంచి ఏలూరు హైవే మీద యాభై కిలోమీటర్లలోపు. ఏలూరు నుంచి చాటపర్రు మీదుగా కైకలూరు రోడ్డు సరస్సును చీల్చుకుంటూ వెళ్తుంది. బస్సులున్నాయి, కానీ ఎక్కడంటే అక్కడ ఆగి చూసుకోవాలంటే సొంత బండి మేలు. బెజవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు గుడివాడలో భీమవరం రైలెక్కితే మండవల్లి, కైకలూరుల్లో దిగొచ్చు. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉన్న ఈ రెండూ 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. ఇళ్లలో మాత్రం ఇంకా ‘మా కృష్ణా జిల్లా’ అనే వినిపిస్తుంది.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లిని చూసి వెళ్లాలనుకుంటే ఫాల్గుణమాసం జాతర రోజులు సందడిగా ఉంటాయి. పిట్టల కోసమే అయితే అక్టోబరు నుంచి మార్చి దాకా. మిట్టమధ్యాహ్నం చేరుకుంటే గాలిలో గిరికీలు చూడొచ్చు. బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్లండి. పిల్లల్ని గోల చేయొద్దని ముందే చెప్పి తీసుకెళ్లండి. ఆటపాకలో పడవ ఎక్కిస్తే వాళ్లే నోరు మూసుకుంటారులెండి.

సాయంత్రం అయిదు దాటాక పడవవాడు ఇనుప స్టాండ్లకు కొంచెం దూరంలో తెడ్డు ఆపుతాడు. పడమటి నుంచి ఒకటి, దాని వెనక మూడు, ఆ వెనక వరసగా ఏడెనిమిది... కాళ్లు ముందుకు చాపి, రెక్కలు వెనక్కి విరిచి, నీళ్ల మీద గీత గీసుకుంటూ దిగుతుంటాయి. ముందు దిగినది జరిగి వెనకదానికి చోటిస్తుంది. స్టాండు మీద కూర్చున్న పిల్లలు గొంతులు చాపి ఒకటే గోల.